మీనాంబత్త కొన్న రెండు కళ్ళ కెమెరా

మీనాంబత్త తిరువళ్ళూరులో మా కింది వాటాలో ఉంటుంది. అరవై దాటింది. ఇడ్లీ పిండి రుబ్బి వీధికంతా అమ్ముతుంది. మాకు బంధుత్వమేమీ లేదు, పిలుపొక్కటే. ఆమె నన్ను కూడా 'పాపా' అనే పిలుస్తుంది. మా పాప నిత్యకు ఇంకా ఏడాది నిండలేదు. పాప తుమ్మితే నేను థర్మామీటరు వెతుక్కుంటాను, అత్త పాపను చంకనేసుకుని పిండి గిన్నెలు చూపించడానికి పోతుంది.

పిండి వ్యాపారానికి ముందు ఆమె చేసిన పని వేరు. తిరుత్తణి కొండ కింద ఒక స్టూడియోలో చీకటి గది మొత్తం ఆమె చేతుల్లోనే నడిచింది. కెమెరాలో ఫిలిం ఎక్కించడం, కడగడం, ఆరేయడం, నెగెటివ్ మీద మచ్చలుంటే సన్న పెన్సిలుతో సరిచెయ్యడం. కొండ మీది గుళ్ళో గుండు కొట్టించుకుని దిగిన పిల్లలే ఆ స్టూడియోకు గిరాకీ. అయితే బటన్ నొక్కేది మాత్రం యజమాని, ఆమె మాటలో ముదలాళి. ఆడమనిషి ఫోటో తీస్తే బేరాలు రావని ఆయన నమ్మకం. డిజిటల్ వచ్చాక స్టూడియో మూతపడింది. కెమెరా పాత ఇనుప సామాన్లవాడి బండెక్కింది.

ఒకరోజు పాపకు అన్నం పెడుతూ ఫోన్ తిప్పుతున్నాను. అత్త తొంగిచూసి నా చెయ్యి పట్టుకుంది.

"ఆపు ఆపు! అది మా కెమెరా గదా పాపా!"

పాత యాషికా. ఒక దాని కింద ఒకటిగా రెండు లెన్సులు. అమ్మకానికి పెట్టారు. ధర ముప్పై ఐదు వేలు.

"ముప్పై ఐదు వేలా? మా ముదలాళి దాన్ని తూకానికి ఏసినాడే!" అని అత్త నవ్విన నవ్వుకు పాప బెదిరి ముద్ద ఊసేసింది.

ఆ రాత్రి నేను కూర్చుని చదివితే సంగతి తెలిసింది. వీటిని మీడియం ఫార్మాట్ కెమెరాలంటారు. మామూలు ఫిలిం రీలు కంటే వీటి ఫిలిం వెడల్పు. బొమ్మ చతురస్రంగా, మూడింతలకు పైగా పెద్దదిగా పడుతుంది, అందుకే అంత వివరం. ఇట్లాంటివి ఇప్పుడు దాదాపు ఎవరూ తయారు చెయ్యడం లేదు. ఉన్నవాటిలో ఏటా కొన్ని పాడైపోతాయి. అడిగేవాళ్ళేమో పెరుగుతున్నారు. బీరువాలో పెట్టి చూసుకునే సేకరణదారులు, పెళ్ళిళ్ళు ఫిలిం మీద తీసే కుర్రవాళ్ళు, ఇక్కడ కొని బయటి దేశాలకు పంపే వ్యాపారులు. సరుకు తగ్గి గిరాకీ పెరిగితే ధర ఎక్కుతుంది; రసాయనశాస్త్రం చదివిన నాకు ఇంత సూటి లెక్క బజారులో ఎక్కడా కనబడలేదు.

పొద్దున్నే అత్తకు చెప్పాను. ఆమె అంతా విని పిండి చేతులు కడుక్కుంది.

"అయితే ఇంగా పెరక్కముందే ఒకటి కొనాల. నా చీటీ డబ్బులు ఇరవై రెండు వేలుండాయి. కొండ కింద నిలబడి నేనే తీస్తా. నేనే నొక్కతా."

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు వింటే వద్దనబుద్ధి కాలేదు. కానీ ఆ డబ్బుకు వచ్చేవి కనబడినా, మేము ఫోన్ చేసేసరికే ఒకటి అమ్ముడుపోయేది, ఇంకొకటి రేటు పెరిగేది. చివరికి మద్రాసు దారిలోని పట్టాభిరామ్‌లో ద్వారకనాథ్ అనే ఆయన స్టూడియో ఖాళీ చేస్తూ ఒక యాషికా అమ్మకానికి పెట్టాడు. ఆదివారం వచ్చినవాళ్ళలో ఎవరు ఎక్కువిస్తే వాళ్ళదని రాశాడు. లోకల్ ట్రైనెక్కాం. పాపకు వేడినీళ్ళు, టోపీ, మందులు, అన్నీ సర్దుకుని నేను. చీటీ డబ్బు రవికెలో దోపుకుని అత్త.

మాకంటే ముందే ఇద్దరున్నారు. ఒకడు శరవణన్, వ్యాపారి. ఫోన్ ఎత్తిపట్టుకుని వీడియోలో బెంగళూరులోని సేకరణదారుకు కెమెరాను అన్నివైపులా చూపిస్తున్నాడు. రెండో ఆమె తనుశ్రీ, మద్రాసులో పెళ్ళి ఫోటోలు తీసే అమ్మాయి, పాతికేళ్ళు కూడా ఉండవు. ద్వారకనాథ్ బల్ల వెనక నిలబడ్డాడు. కెమెరా బల్ల మీద ఉంది, పక్కన దాని తోలు సంచి. పై లెన్సుకు పైన, కెమెరా పేరు రాసిన రేకు మీద ముదురు ఎర్ర మచ్చ.

"ఇరవై ఐదు," అన్నాడు శరవణన్.

"ఇరవై ఎనిమిది," అంది తనుశ్రీ.

అత్త నా మోచెయ్యి గిల్లింది. మా డబ్బు అప్పుడే దాటిపోయింది. ముప్పై, ముప్పై మూడు. ద్వారకనాథ్ మొహం వెలిగిపోతోంది. కొనేది నేను కాకపోయినా మునివేళ్ళ మీద నిలబడి చూస్తున్నాను.

"ఏం నాయనా," అత్త ఆగలేక శరవణన్‌ను అడిగింది, "ఫోన్లో ఆయప్ప దీంతో ఫోటోలు దీస్తాడా?"

"తీయరు ఆంటీ. అద్దాల బీరువాలో పెడతారు."

"చీర కొని మడతిప్పకుండా పెట్టుకున్నట్ల!"

తనుశ్రీ ఫక్కున నవ్వింది. ఫోన్లోంచి బెంగళూరు గొంతు ఏదో అడిగింది. శరవణన్ తలూపి, "సార్, ఆ ఎర్రది తుప్పా అని అడుగుతున్నారు. మచ్చ లేకపోతే నలభై ఇస్తారట," అన్నాడు.

"తుప్పా!" ద్వారకనాథ్‌కు కోపం వచ్చింది. "కుంకమప్పా! ప్రతి ఆయుధ పూజకూ గంధం రాసి బొట్టు పెట్టినాం. మా నాయన పెట్టినాడు, నేనూ పెట్టినా. ఇప్పుడే తుడిచేస్తా చూడు." అరలోంచి స్పిరిట్ సీసా, దూది తీశాడు.

"అంకుల్, స్పిరిట్ వద్దు!" అన్నాను. కుంకుమ రంగు స్పిరిట్‌లో తొందరగా కరుగుతుంది. కరిగితే సందుల్లోకి పోతుంది. నేను అది చెప్పేలోపే ఆయన దూది అద్దేశాడు. దూది మరీ తడి. ఎర్రని చుక్క రేకు మీద నుంచి జారి పై లెన్సు రింగు చుట్టూ తిరిగి లోపలికి ఇంకిపోయింది. ఇంకో చుక్క కింది లెన్సు వైపు బయల్దేరింది.

అత్త పాపను నా మీదికి తోసింది. బల్ల మీదికి వంగి కెమెరాను లాక్కుని ఒక్కసారిగా తలకిందులు చేసింది. కిందికి పోతున్న చుక్క వెనక్కి తిరిగి రేకు మీదికి వచ్చి ఆగింది. కొంగుతో అద్దింది. స్పిరిట్ ఆరేదాకా అట్లాగే పట్టుకుని నిలబడింది.

తర్వాత ఆమె పై మూత తెరిచి చూసింది. మాకూ చూపించింది. గదంతా లేత ఎరుపులో కనబడింది, మసకగా. శరవణన్ ఫోన్ దగ్గరగా పెట్టాడు. బెంగళూరు గొంతు రెండు ముక్కలు చెప్పి కట్ అయింది.

"అద్దంలోకి రంగు పోయిందంటే ఆయనకు వద్దట," అన్నాడు శరవణన్. "విడిభాగాలకైతే ఆరు వేలిస్తాను సార్."

ద్వారకనాథ్ స్టూలు మీద కూలబడ్డాడు.

తనుశ్రీ కెమెరా తీసుకుని గది మూలకు తిప్పి చూసింది. అట్లా చాలాసేపు చూసింది. "కల్యాణ మండపంలో లైట్ తక్కువ ఆంటీ. ఈ మసకలో నాకు ఫోకస్ తెలీదు," అని అత్త చేతిలో పెట్టేసింది.

అత్త కెమెరా వెనక మూత తెరిచి, లోపలి షట్టరును తెరిచిపెట్టి, కింది లెన్సులోంచి కిటికీ వైపు చూసింది. తర్వాత నన్ను పిలిచింది. నేనూ చూశాను. నీళ్ళలాగా తేటగా ఉంది.

"పైది మనం చూసేదానికి. ఫిలిం మీద బొమ్మ పడేది కింది దాంట్లోంచి," అంది నాతో. ద్వారకనాథ్ వైపు తిరిగి, "అన్నా, ఇరవై రెండు వేలు. నా దగ్గిర ఉండేదంతా అంతే," అంది.

నేను ఆమె చెవిలో, "అత్తా, శరవణన్ ఆరే అంటున్నాడు కదా!" అన్నాను.

"ఆయప్ప ముక్కలకు ఆరంటాడు. నేను కెమెరా కొంటాండా." రవికెలోంచి డబ్బు తీసింది. "రైలు చార్జీ కూడా లేదన్నా, ఆ తోలు సంచి మాత్రం ఊరికే ఇచ్చెయ్."

ద్వారకనాథ్ తోలు సంచి ఇచ్చాడు, తన కెమెరా పట్టీ ఇచ్చాడు, మాకు టీలు తెప్పించాడు. రెండు వందలు వెనక్కిచ్చి, "చార్జీకి పెట్టుకోమ్మా," అన్నాడు. తనుశ్రీ బ్యాగులోంచి ఒక ఫిలిం రోలు తీసి అత్త చేతిలో పెట్టింది. "మొదటి బొమ్మ నాకు పంపించండి ఆంటీ, చాలు."

అత్త అక్కడే కిటికీకి వీపు తిప్పి ఫిలిం ఎక్కించింది. చేతుల వైపు చూడలేదు. మాతో మాట్లాడుతూనే ఎక్కించేసింది.

తిరుగు రైల్లో తిరువళ్ళూరు వచ్చినా దిగలేదు. "వెలుతురుండాది పాపా, కొండకు పోదాం," అంది. పాపకు నిద్ర టైము దాటిపోతోందని నాకు బెంగ. కానీ నేనూ ఆగలేకపోయాను. రైల్లో దారంతా ఆమె ఒళ్ళో కెమెరా, నా ఒళ్ళో పాప. కెమెరానే ఎక్కువ జాగ్రత్తగా పట్టుకున్నామని ఇప్పుడనిపిస్తోంది.

తిరుత్తణి కొండ మెట్ల కింద ఎండ ఏటవాలుగా పడుతోంది. ఎలవూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం, వాళ్ళ మూడేళ్ళ పిల్లాడు గుహన్, వాడి తాజా గుండు మీద గంధం. తండ్రి ఫోన్‌తో తీయబోతే వాడు ఏడుస్తూ తల తిప్పేసుకుంటున్నాడు.

"నేను దీస్తా నాయనా," అంది అత్త.

"ఇదేం పెట్టె అమ్మా? ఫోటో ఇప్పుడే చూపిస్తారా?"

"లేదు. ఇంటికి పోయి ఫిలిం కడగాల. శుక్రవారం ఇస్తా. బాగలేకపోతే డబ్బులొద్దు."

"కడగడమా!" వాడి తల్లి నవ్వింది. "ఏమండీ, సరేననండి. మీ ఫోన్‌లో వాడి చెవే పడతాంది."

అత్త కెమెరాను కడుపు దగ్గర పెట్టుకుని, తల వంచి, పైనుంచి లోపలికి చూసింది. ఆ కెమెరాలో అట్లాగే చూడాలి. గుహన్‌కు ఎదురుగా ఆమె మొహం కనబడడం లేదు, పాపట ఒక్కటే. ఈ ముసలమ్మ పెట్టెలో ఏం చూస్తోందా అని వాడు ఏడుపు మానేసి ముందుకు వంగాడు. కళ్ళు ఇంతింత చేసుకుని అట్లాగే ఆగిపోయాడు. అత్త బటన్ మీద వేలు పెట్టింది. ఊపిరి బిగబట్టింది. నొక్కింది.

"తియ్యండమ్మా," అన్నాడు తండ్రి.

"తీసేసినా."

"సౌండే రాలేదే!"

అత్త తల ఎత్తింది. బుగ్గలు కందిపోయాయి, చిన్నపిల్లలాగా ఉంది. ఒక్కసారి నా వైపు చూసింది. పక్కనున్న పిడి తిప్పి ఫిలిం ముందుకు జరిపింది. మెట్లు దిగుతున్న ఇంకో కుటుంబం వైపు చెయ్యి ఊపుతూ గట్టిగా అరిచింది.

"ఏమ్మా, ఆ ముగ్గురు గుండు పిలకాయల్నీ ఇట్లా తీసుకు రాండి! ఎండ పోతాంది, బిర్నే రాండి!"