దీవించిన బియ్యం

ఆవిడకు కోపం ముక్కు మీద ఉంటుందని అనేవాళ్లు. అది తప్పు. ముక్కు మీదుంటే తుడుచుకోవచ్చు, ఆవిడది ఒళ్లంతా. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి ఆ వేడి ఒంట్లోకి దిగిపోయిందని తోటివాళ్లు నవ్వుకునేవారు. చర్చికొచ్చే వాళ్లంతా చాటుగా సీమటపాకాయ అనేవారు, ఎదురుపడితే మాత్రం అక్కా అనేవారు.

చర్చి వెనకున్న సరుకుల గది ఈ సీమటపాకాయదే. ఒకప్పుడు అందులో విరిగిన బెంచీలు పడేసేవారు. ఆవిడే ఫాదరు గారి ప్రాణం తీసి దాన్ని ఖాళీ చేయించింది. పూజకొచ్చే వాళ్ల దగ్గర బియ్యం, పప్పులు, నూనె పోగుచేసి, ఇల్లు గడవని ఇరుగుపొరుగు వాళ్లకు శనివారం శనివారం సంచులు కట్టి ఇచ్చేది. ఏ మతమని ఎవర్నీ అడిగేది కాదు. ఆకలికి జ్ఞానస్నానం ఎవరిచ్చారు అనేది. పురుగు పట్టిన పప్పు తెచ్చిచ్చిన పుణ్యాత్ముల్ని మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి దులిపేసేది.

సంచులు పంచేముందు ఫాదరు గారు వచ్చి వాటి మీద పవిత్రజలం చల్లి దీవించాలి. ఇదీ ఆవిడ పెట్టిన ఆనవాయితీయే. ముష్టి అన్న మాట ఎవరి మనసులోకీ రాకూడదని ఆవిడ ఉద్దేశం. దేవుడిచ్చింది తీసుకోవడానికి నామోషీ ఏముంది? ఆలోచన మంచిదే. కొంప ముంచిందీ అదే.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే సందు మొగలో కొట్టు దగ్గర పెయింటరు కనిపించాడు. నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్న దగ్గర్నుంచి అతనికి పని లేదు. భార్య పోయింది, చిన్న కూతురుంది. క్రితం శనివారమే వచ్చి సంచి పట్టుకెళ్లాడు. ఆ సంచిలోని బియ్యమే ఇప్పుడు కొట్టువాడి తక్కెడలో ఉంది. బదులుగా బ్రెడ్డూ అరటిపళ్లూ తీసుకుంటున్నాడు.

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. దీవించిన బియ్యాన్ని బేరానికి పెడతాడా? అప్పుడే వెళ్లి అడిగేసినా బాగుండేది, నాలుగు మాటలతో పోయేది. దాచుకుంది. దాచుకున్న కోపానికి వడ్డీ పెరుగుతుంది. శనివారం నాటికి తడిసి మోపెడైంది.

ఆ రోజు కూతురి వేలు పట్టుకుని వరసలో నిలబడ్డాడు పెయింటరు. అతని వంతు వచ్చింది. చెయ్యి చాచాడు. అప్పుడు పేలింది సీమటపాకాయ. అతనేదో చెప్పబోయాడు గానీ, ఆవిడ ఎదటివాణ్ణి చెప్పనిచ్చింది ఎన్నడు?

"పవిత్రజలం చల్లిన బియ్యం అమ్ముకునేవాడికి ఈ గుమ్మంలో పని లేదు. నడు."

వరసంతా విన్నది. అతను పిల్లను తీసుకుని వెళ్లిపోయాడు. చర్చి కమిటీ పెద్దాయన దగ్గరికొచ్చి, బాగా గడ్డి పెట్టావమ్మా, ఇలాంటి వాళ్లను చూసే ఇచ్చేవాళ్లు వెనకాడుతున్నారు అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలే ఆవిడకు గుచ్చుకుంది. ఆ పెద్దమనిషి మెచ్చిన పని తను చేసిందంటే ఎక్కడో తేడా కొట్టినట్టే.

మరుసటి వారం పెయింటరు రాలేదు. ఆ తర్వాతి వారమూ రాలేదు. పీడా పోయింది అనుకుంది. పోలేదు. పిల్ల తండ్రి వెనక్కి నక్కి చూసిన చూపు ఇస్త్రీ బల్ల దాకా వెంటపడింది. చివరికి ఒక సంచి చంకన పెట్టుకుని అతని ఇంటికి బయల్దేరింది. క్షమాపణకు కాదు సుమా, బుద్ధి చెప్పి ఇచ్చి రావడానికి అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

సైకిలు రిపేరు షాపు పైన రేకుల గది. మూల డబ్బాలో కుంచెలు ఎండి బిగుసుకుపోయి ఉన్నాయి. పిల్ల గిన్నెలో నీళ్లు పోసుకుని బ్రెడ్డు ముక్క నానబెట్టుకుంటోంది. సంచి పొయ్యి పక్కన పెడదామని ఆవిడ చూస్తే, గట్టు మీద గుండ్రటి మసి మరక తప్ప ఏమీ లేదు.

"పొయ్యి ఏదీ?"

"మందులకు అమ్మేశానక్కా."

"ఆ ముక్క ఆ రోజే చెప్పి ఏడవచ్చుగా?"

"చెబుదామనే నోరు తెరిచాను." అతని గొంతులో కోపం లేదు, అదే ఆవిడకు భరించరానిదైంది. "ఫాదరు గారు దీవించారక్కా, కాదనను. కానీ ఎవరూ ఉడకబెట్టలేదు కదా."

ఆవిడ సంచిని మళ్లీ చంకన పెట్టుకుంది. మెట్లు దిగుతూ తనను తనే తిట్టుకుంది, బూతులు కూడా తిట్టుకుంది. ఎంతమందికి పొయ్యి లేదో ఒక్కసారైనా అడిగిందా? నీళ్లు చల్లించింది, సంచి చేతిలో పెట్టింది, చేతులు దులుపుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, చర్చి హాలు వెనక వంటగది. పెద్ద గ్యాసు పొయ్యిలు, పసిపిల్లను కూర్చోబెట్టి స్నానం చేయించగలిగినంత గిన్నెలు. పెళ్లిళ్లకూ బిషప్పు గారొచ్చినప్పుడూ తప్ప దాని తాళం తియ్యరు. తాళంచెవి పెద్దాయన జేబులో.

ఆదివారం పూజ అయ్యాక హాల్లో కమిటీ టీ తాగుతూ కూర్చుంది. ఆవిడ ఆ సంచితోనే వెళ్లి తాళంచెవి అడిగింది. గ్యాసు దండగన్నాడు పెద్దాయన. కొత్త కర్టెన్లకు కూర వాసన పడుతుందన్నాడు. ఆఖరికి అసలు మాట బయటపెట్టాడు.

"వండి పెడితే అలవాటు పడిపోతారమ్మా."

"తిండికా? మరి తమరెప్పుడు మానేశారు?"

ఎవరో టీ మింగలేక దగ్గారు. ఆవిడ సంచి విప్పి ఒక్కొక్కరి సాసర్లోనూ గుప్పెడు పచ్చి బియ్యం పోసుకుంటూ వెళ్లింది. ఫాదరు గారినీ వదల్లేదు.

"దీవించిన బియ్యమే. భోంచెయ్యండి."

ఇదేం అమర్యాద అని పెద్దాయన లేవబోయాడు. ఫాదరు గారు మాత్రం నాలుగు గింజలు నోట్లో వేసుకున్నారు. నమిలారు. పళ్ల కింద పటపటమంటుంటే హాలంతా అటే చూస్తోంది. ఆయన చాలాసేపు నమిలి, కష్టపడి మింగి, పెద్దాయన వైపు చెయ్యి చాచారు. తాళంచెవి ఆ చేతిలో పడింది.

ఆ శనివారం వంటగది ముందు జనం వరస కట్టారు. పొయ్యి ఉన్నవాళ్లకు సంచి, లేనివాళ్లకు అన్నమూ పప్పూ. పెయింటరు రాడనుకుంది. ఫాదరు గారు స్వయంగా వెళ్లి పిలిస్తే వచ్చి, అందరికంటే వెనక తలొంచుకుని నిలబడ్డాడు. జన్మలో ఎవరికీ తగ్గని మనిషి, గరిటె పక్కన పెట్టి వరస చివరిదాకా నడిచింది. తిట్టింది అందరి ముందూ కాబట్టి ఇదీ అందరి ముందే అనాలి.

"ఆ రోజు తప్పు నాది," అంది, మళ్లీ ఎవరినో తిడుతున్నట్టే గట్టిగా. "నిన్ను నోరెత్తనివ్వలేదు."

అతను తల ఊపాడు. క్షమించానని అనలేదు, ఆవిడా అడగలేదు. తండ్రీకూతుళ్లను వెంటబెట్టుకుని గిన్నెల దగ్గరికి తీసుకెళ్లింది. అన్యాయం, మేం ముందొచ్చాం అని ఎవరో గొణిగితే ఒక్క చూపు చూసింది, గొణుగుడు ఆగిపోయింది. టిఫిను డబ్బా నింపి పిల్ల చేతిలో పెట్టింది.

పిల్ల దాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, వేడిగా ఉంది."