రెండు గంటల సైరన్

నా పేరు ప్రహ్లాద్. వెళ్ళేది ప్రార్థన మందిరానికి, పేరేమో ఇది. మా తాత పెట్టాడు, నన్నడిగి పెట్టలేదు. రుద్రారంలో యూనివర్సిటీకి దగ్గర్లో జిరాక్స్ దుకాణం నాది. మా మందిరానికి బయటి దేశాల వాళ్ళెవరైనా వస్తే పక్కన నిలబడి వాళ్ళ ఇంగ్లీషును తెలుగులో చెప్పేదీ నేనే. వాళ్ళొక మాటంటే నేను రెండంటాను. ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు.

ఇది నా కథ కాదు, మా పక్కింటి బేగంబీ కథ. నేను చాచీ అంటాను. మొగుడు పోయాక ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషన్ తొక్కి, ఇల్లు కట్టి, పైన ఒక గది వేసింది. పొద్దున వాకిట్లోకి వచ్చి ఒక్కసారి గాలి పీల్చి, ఈ వాసన ఏ కంపెనీదో చెప్పేది. ఆమె బట్టలు లోపల వేసుకోమంటే గల్లీ అంతా వేసుకోవాల్సిందే. వేసుకోని వాళ్ళ తెల్లచొక్కాలు సాయంత్రానికి పసుపు తేలేవి.

ఆమెకు ఒక్కడే కొడుకు, ఇమ్తియాజ్. నేనూ అతనూ ఒకే మందుల కంపెనీలో బాయిలర్ మీద పనిచేసేవాళ్ళం. బాయిలర్ దగ్గర ఒక నియమం ఉంది. మంట ఉండగా దాన్ని వదిలి కదలకూడదు. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి పుస్తకంలో సంతకం పెట్టాలి, అప్పుడే ముందున్నవాడు దిగాలి. ఆ వచ్చేవాణ్ణి రిలీవర్ అంటారు. పండుగలకు మేమిద్దరం సర్దుకునేవాళ్ళం. రంజాన్‌కు అతని పని నేను చూసేవాణ్ణి, క్రిస్మస్‌కు నా పని అతను.

రెండేళ్ళ కిందట క్రిస్మస్ నాడు నా పొద్దుటి షిఫ్టు అతను తీసుకున్నాడు, రెండు గంటలకు అతని షిఫ్టుకు నేను వెళ్ళాలి. రెండింటికి కంపెనీలో షిఫ్టు మారే సైరన్ మోగింది. నేను మందిరంలో బంతిలో కూర్చుని రెండోసారి బిర్యానీ వడ్డించుకుంటున్నాను. పావుగంట ఆలస్యమైతే ఏం, ఇమ్తియాజ్ ఉన్నాడు కదా అనుకున్నాను. రెండూ ఇరవైకి పక్క బ్లాకులో రియాక్టర్ పేలి బాయిలర్ గోడ కూలింది. వారం వెతికితే టిఫిన్ డబ్బా మూత ఒక్కటే దొరికింది. కాగితాల్లో ఆచూకీ లేదని రాసుకున్నారు. నేను రావాల్సినవాణ్ణి రాలేదన్న ముక్క నేనెవరికీ చెప్పలేదు. నాకంత ధైర్యం ఉంటే కదా.

ఉద్యోగం మానేసి జిరాక్స్ పెట్టుకున్నాను. కంపెనీ ఆరు నెలలకు మళ్ళీ తెరుచుకుంది, సైరన్ మాత్రం అదే. రోజూ రెండింటికి అది మోగగానే చాచీ వాకిట్లో మంచం మీద మా గోడవైపు తిరిగి కూర్చుని పిలిచేది.

"ఇమ్తియాజ్, డ్యూటీ దిగినవా?"

మూడుసార్లు పిలిచి ఊరుకునేది. ఆ కాసేపు గల్లీలో ఎవరూ పెదవి కదిపేవాళ్ళు కాదు. నేను దుకాణంలో ఉంటే సరే, ఇంట్లో ఉంటే దుప్పటి కప్పుకునేవాణ్ణి. కొడుకుతో ఎప్పుడూ ఉర్దూలో మాట్లాడిన మనిషి ఈ పిలుపొక్కటి తెలుగులో ఎందుకు పిలుస్తుందో నేను ఆలోచించలేదు. భాషలతో బతికేవాణ్ణి, నాకే తట్టలేదు.

నలిగిపోయింది కోడలు అనమ్. ఇరవై ఐదేళ్ళ పిల్ల. మొగుడు పోయాడనీ కాదు, ఉన్నాడనీ కాదు. పోయినవాళ్ళ పేర చదివించే ఫాతిహా చాచీ చదివించనివ్వలేదు. అడిగి అడిగి, ఏడ్చి ఏడ్చి, చివరికి అనమ్ అత్త దగ్గర ఒక మాట తీసుకుంది. రెండేళ్ళు నిండే రోజుకు కూడా పిలుపుకు జవాబు రాకపోతే ఫాతిహా చదివించాలి. ఆ రోజు మళ్ళీ క్రిస్మసే.

ఇంతలో సెప్టెంబరులో రెనాటో వచ్చాడు. ఫిలిప్పీన్స్ పిల్లవాడు, ఇరవై రెండేళ్ళు, వాళ్ళ చర్చి ఆరు నెలలకని మా మందిరానికి పంపింది. చాచీ పైగది నేనే ఇప్పించాను. దిగిన రోజు నుంచే క్రిస్మస్ పాటలు మొదలుపెట్టాడు. వాళ్ళ దేశంలో సెప్టెంబరు రాగానే పండుగ వచ్చినట్టేనట.

"వీని పండుగ ఎన్నటికన్న అయిపోతదా ప్రహ్లాద్?" అంది చాచీ. అంటూనే వెదురు బద్దలు తెప్పించి ఇచ్చింది, వాడు వాటితో రంగుకాగితాల నక్షత్రం కట్టుకుని కిటికీలో వేలాడదీశాడు.

డిసెంబరు వచ్చేసరికి వాడి పాట తగ్గింది. పండుగకు ముందు తొమ్మిది రోజులు వాళ్ళ ఊళ్ళో తెల్లవారుజామునే లేచి గుడికి వెళ్తారట. గుడి బయట వెదురు గొట్టాల్లో ఉడికించిన బియ్యప్పిండి తింటారట. నేను ఇడ్లీ పెట్టిస్తే మర్యాదకు తిన్నాడు. ఒక్కడే మేడ మీద చీకటితోనే లేచి నిలబడి పాడుకునేవాడు. పొగ వాసనకు మధ్యమధ్య దగ్గేవాడు. నాకు జాలేసింది, అదేం దాచుకోను.

పదిహేనో తేదీన దుకాణానికి వచ్చాడు. పరీక్షల రోజులు, కౌంటర్ ముందు ఇరవై మంది పిల్లలున్నారు.

"అన్నా, కింద ఇంటి అమ్మ రోజూ మధ్యాహ్నం నా కిటికీ కింద పిలుస్తుంది. ఎవరూ పలకరు. మా అమ్మ ఇలాగే పిలిస్తే పలకకుండా ఉండలేను. ఏమని పలకాలి?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఆమె ఎవరిని పిలుస్తోందో చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి. నేను కాగితాల మీంచి తల కూడా ఎత్తలేదు. "దిగిన అమ్మీ, వస్తున్న. గంతే. పో" అన్నాను. వాడు ఆ మూడు ముక్కలూ చేతి మీద రాసుకుని వెళ్ళాడు. చెప్పుతో కొట్టాలి నన్ను.

నాలుగో రోజు అనమ్ దుకాణానికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"అన్నా, పైకెల్లి జవాబు వస్తున్నది. ఆ పిల్లగానికి ఎవరు నేర్పిండ్రు?"

నేను మెషిన్‌లో కాగితాలు సర్దాను.

"అమ్మీ రోజు ఆయనకు గూడ పళ్ళెం పెడుతున్నది. ఆయన అంగీలు ఉతికి ఆరేస్తున్నది. ఫాతిహా అంటే, పలుకుతుంటే ఫాతిహా ఏందే అంటున్నది. ఇంక తొమ్మిది దినాలు జవాబు రాకుంటే నేను బయటపడుదును. ఇగ నా బతుకు గిట్లనే తెల్లారుతది."

ఆమె వెళ్ళగానే దుకాణం మూసి రెనాటో దగ్గరికి వెళ్ళాను. పట్టుకుని దులిపాను. అమ్మను పిచ్చిదాన్ని చేస్తున్నావు, ఇక నోరు తెరిచావంటే సంచీ సర్దిస్తాను అన్నాను. తప్పు నాది, తిట్లు వాడికి. వాడు అంతా విని, గోడకు ఆనుకుని నెమ్మదిగా చెప్పాడు.

"నేను ఒక్కరోజే పలికాను అన్నా. పదహారో తేదీన. మర్నాడు పలుకుదామని నోరు తెరిచేలోపు ఈ గదిలోనే ఇంకెవరో పలికారు. అప్పటి నుంచి రెండింటికి నేను గదిలో ఉండటం లేదు."

పిల్లవాడు ఇంటిమీద బెంగతో ఏదో అంటున్నాడనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. ఇరవై నాలుగున మధ్యాహ్నం వాణ్ణి వెంటబెట్టుకుని వాళ్ళ మెట్ల కింద నిలబడ్డాను. పైగదికి తాళం ఉంది. తాళంచెవి వాడి చేతిలో ఉంది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. వాకిట్లో తీగ మీద ఇమ్తియాజ్ నీలం చొక్కా ఆరుతోంది.

సైరన్ మోగింది. చాచీ పిలిచింది. "ఇమ్తియాజ్, డ్యూటీ దిగినవా?"

పైనుంచి జవాబు వచ్చింది. అలసిపోయిన గొంతు, పని మీద నుంచి తల తిప్పకుండా చెప్పే మాట.

"నై అమ్మీ. రిలీవర్ నై ఆయా."

అది నాకు తెలిసిన గొంతు. ఆరేళ్ళు పక్కన నిలబడి విన్న గొంతు. రెనాటో నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అది నేను నేర్చుకున్న మాట కాదు. ఏమన్నాడు అన్నా? దాని అర్థమేంటి?"

ఇన్నేళ్ళలో ఎవరేమన్నా వెంటనే తిప్పి చెప్పినవాణ్ణి, రిలీవర్ రాలేదన్న ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను. మెట్టు మీద కూర్చుండిపోయాను. చాచీ మావైపు చూడలేదు. మిగతా రెండుసార్లూ పిలవకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నేను నిద్రపోలేదని వేరే చెప్పాలా.

క్రిస్మస్ నాడు మందిరం కిటకిటలాడింది. రెనాటో వాక్యం చెప్పాడు, నేను పక్కన నిలబడి తెలుగులో చెప్పాను. గొర్రెల కాపరులందరూ పసిబిడ్డను చూడటానికి వెళ్ళారన్నాడు. నేనూ అన్నాను. మందను వదిలి అందరూ ఎలా వెళ్తారు, ఒక్కడైనా ఆగి ఉంటాడు కదా అన్నాడు. నేనూ అన్నాను. పండుగ చూడకుండా కాపలా ఉండిపోయిన ఆ ఒక్కడి పేరు ఎవరూ రాయలేదు అన్నాడు. నేను అనలేదు. జనం నా ముఖం చూస్తున్నారు. వాడు మెల్లగా మళ్ళీ అన్నాడు. అప్పుడు చెప్పాను. ఈసారి ఒక్క మాటా కలపలేదు.

ఒంటిగంటన్నరకు బంతి వేశారు. నా విస్తట్లో బిర్యానీ పడింది. గోడ గడియారం వైపు చూశాను. ముద్ద ముట్టకుండా లేచి, రెనాటో దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని బండెక్కాను.

చాచీ అప్పటికే మంచం మీద కూర్చుని ఉంది. గడప దగ్గర అనమ్ నిలబడి ఉంది. ఇద్దరినీ పలకరించకుండా ఇనుప మెట్లెక్కి తలుపు తీశాను. డిసెంబరు నెలలో గది బాయిలర్ ముందు నిలబడ్డట్టు కాగిపోతోంది. కిటికీలో కాగితం నక్షత్రం గాలి లేకుండానే నెమ్మదిగా తిరుగుతోంది. గదిలో ఎవరూ లేరు. కానీ ఎవరో పని మధ్యలో ఉన్నచోటికి వెళ్ళినట్టే అనిపించి, అలవాటుగా పక్కకు ఒదిగి నిలబడ్డాను.

సైరన్ మోగింది.

"ఇమ్తియాజ్, డ్యూటీ దిగినవా?"

ఎవరూ పలకలేదు. నా వెనక ఎవరో ఊపిరి బిగబట్టినట్టు తోచింది. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచేసరికి నాకు తెలియకుండానే అరిచాను.

"వచ్చిన, ఇమ్తియాజ్. నేను, ప్రహ్లాద్‌ను. లేటయింది. తిండి కాడ కూసున్న, అందుకే రాలే. ఇగ నేను చూసుకుంట. నువ్వు దిగు తమ్మీ."

తర్వాత ఇనుప మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. భారీ బూట్లు, ఒక్కొక్క మెట్టే దిగుతున్నాయి. పైనుంచి కిందికి పదకొండు మెట్లు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చప్పుడు వాకిట్లోకి వెళ్ళి ఆగిపోయింది. గది చల్లబడింది. నక్షత్రం కూడా ఆగింది.

కిందికి దిగేసరికి చాచీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. అనమ్ గోడ పట్టుకుని నిలబడి ఉంది. నేను చాచీ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను.

"చాచీ, ఆ దినం నేను పోవాల్సిందుండె. నేను పోలే."

"తెలుసు బిడ్డా."

"ఎట్ల తెలుసు?"

"సైరన్ మోగంగనే ఫోన్ జేసిండు. రిలీవర్ రాలే అమ్మీ, జెర సేపు ఆగి వస్త అన్నడు. ఎవరు రావాల్నో నాకు తెల్వదా?"

"మరి రెండేండ్లల్ల ఒక్కనాడన్న అడగకపోతివి?"

చాచీ నా తలమీద చెయ్యి వేసింది. చెయ్యి బరువుగా ఉంది.

"నా కొడుకుతోటి నేను ఎన్నడన్న తెలుగుల మాట్లాడిననా ప్రహ్లాద్? రోజు మీ గోడ దిక్కు మొఖం పెట్టి, వాని పేరు వెట్టి నిన్నే అడిగిన. నువ్వే పలుకలే."

తర్వాత అనమ్ వైపు తిరిగి, మసీదు ఇమామ్ సాదుల్లాను పిలుచుకు రమ్మంది. ఫాతిహా చదివిద్దామంది.