రామ్మోహన్ గారి వాయిదా

వానకు తడిసిన అట్టకార్డుల వాసన తగిలితే నాకు రామ్మోహన్ గారే గుర్తొస్తారు. ఢిల్లీలో బార్ కౌన్సిల్ ఎన్నికలొస్తే కోర్టు గేటు దాటేలోపు చేతిలో పది కార్డులు పడతాయి. ఒక్కో కార్డు మీద ఒక్కో లాయరు నవ్వుతుంటాడు. నాలుగడుగులు వేశాక ఆ నవ్వులన్నీ చెప్పుల కిందే ఉంటాయి.

ఆయనది ఒంగోలు. నాకు పని నేర్పిన సీనియర్. లాయర్లకు లైసెన్సు ఇచ్చేది, తప్పు చేస్తే తీసేసేది ఆ కౌన్సిలే. దాన్ని లాయర్లే ఎన్నుకోవాలా, ప్రభుత్వం నియమించాలా అన్న మాటొస్తే టీ చల్లారిపోయినా ఆయన వాదన ఆపేవారు కాదు.

"నా లైసెన్సు గవర్నమెంటు గుప్పిట్లో ఉంటే, దాని మీద కేసు ఎట్టా వేస్తానమ్మా?"

"మనం ఓట్లేసి గెలిపించినవాళ్లు మన తప్పులు పట్టుకుంటారా సార్?"

"పట్టుకునేవాణ్ణి గెలిపించు" అన్నారు. నమ్మాను. ఆయన పోటీ చేసినప్పుడు మండుటెండలో నిలబడి కార్డులు పంచాను. గెలిచారు.

ఢిల్లీలోనే మునిర్కా అనే పేటలో అద్దె గదిలో మెస్ నడిపే కమలమ్మ ఫిర్యాదు, కౌన్సిల్లో లాయర్ల తప్పులు విచారించే ఆయన కమిటీకే వచ్చింది. ఆమె లాయరు వాయిదాలకు వెళ్లనే లేదు. గది ఖాళీ చేయమని తీర్పు వచ్చేసింది. తప్పు లాయరుదని తేలితే, కేసు మళ్లీ వినమని కోర్టును అడగొచ్చని ఆమె ఆశ. కానీ ఆ లాయరు మాట మీద కోర్టులో ఒక చాంబర్ల వరసలోని లాయర్లంతా ఓట్లు వేస్తారు. ఎన్నికలు మళ్లీ దగ్గరపడ్డాయి. రామ్మోహన్ గారు విచారణ వాయిదా వేశారు, మళ్లీ వేశారు.

"సార్ ఏమన్నడు బిడ్డా?" అని కమలమ్మ నన్ను అడిగేది. వెళ్లి ఆయన్ని అడిగాను.

"చూద్దాంలేమ్మా, ఎలక్షన్ కానీ" అన్నారు తలెత్తకుండా.

ఎన్నికలయ్యేసరికి మెస్‌కు తాళం పడింది. కమలమ్మ మళ్లీ కనిపించలేదు. ఇంతా చేసి ఆయన ఓడిపోయారు. ఒకరోజు క్యాంటీన్‌లో, "ఆ మునిర్కా ఆవిడ ఎక్కడుందో తెలుసా అమ్మా?" అని అడిగారు. తెలియదన్నాను. టీ గ్లాసు పక్కకు జరిపి, "అట్టాగని కౌన్సిల్ని గవర్నమెంటుకి అప్పజెప్పమంటావా?" అన్నారు. కోపం తెచ్చుకుందామనుకున్నాను, జాలేసింది. ఆయన పోయి రెండేళ్లవుతోంది.

ఈసారి గేటు దగ్గర కార్డుల మీద ఉన్న ముఖం నాది. పట్టుకునేదాన్ని నేనే అవుదామని నిలబడ్డాను. నిన్న ఒక లాయరు వచ్చి, తమ వరస ఓట్లన్నీ నాకేనని, తన మీదున్న ఫిర్యాదు సంగతి కాస్త గుర్తుంచుకోమని చెప్పి, "ఠీక్ హై, మేడమ్?" అన్నాడు.

కుదరదని చెప్పాల్సింది. "దేఖేంగే" అన్నాను. హిందీలో అన్నాను గానీ, అది రామ్మోహన్ గారి 'చూద్దాంలేమ్మా' మాటే.