చేతకాని ఆయుధం

వంటింట్లో ఎండుమిరపకాయలు మాడి ఘాటు కమ్మినప్పుడు అందరూ దగ్గుతూ కిటికీలు తెరుస్తుంటే, నేను మాత్రం తలుపు గడియ పడిందో లేదో చూస్తాను. ఇట్లాంటి ఘాటే తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక మధ్యాహ్నం చిక్కడపల్లిలో మా మేడ మీది గదిలోకి వచ్చింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

బంద్ అంటే మాకు సెలవు. కింద నాయనమ్మ బియ్యప్పిండి గిన్నెకు అద్ది కాల్చే సర్వపిండి వాసన పైదాకా వస్తుంటే, పిట్టగోడ మీద మామిడి ఒరుగులు ఎండుతుంటే, ఇంటర్ చదివే మా పెద్దనాన్న కూతురు సంధ్యక్క చాప పరిచి, నన్నూ తన తమ్ముడు కిట్టూనీ కూర్చోబెట్టి ఆట మొదలుపెట్టేది. బషీర్‌బాగ్‌లో చదివే స్నేహితురాలు ఇచ్చిన ఇరవై ముఖాల పాచిక, నారాయణగూడలో జిరాక్స్ తీయించిన నియమాల పుస్తకం, అంతే సామాను. అక్క కథ చెప్పేది: అడవి, పాడుబడ్డ కోట, గుహలో రాక్షసి. అందులో మేం వీరులం. ఏం చేస్తామో మేం చెప్పాలి, అది సాగుతుందో లేదో పాచిక తేల్చాలి.

పుస్తకంలో ఆయుధాల పద్ధతి వేరేగా ఉండేది. కానీ కిట్టూ ప్రతిసారీ పెద్ద ఖడ్గమే కావాలని మొండికేయడంతో అక్క మా ఇంటి మటుకు సొంత నియమాలు పెట్టింది. మొదట్లో ఎవరికైనా ఒక్క ఆయుధమే వస్తుంది, ఇంకోటి కావాలంటే కథలోనే గురువుని వెతుక్కుని నేర్చుకోవాలి. రాని ఆయుధం ఎత్తితే పాచిక రెండుసార్లు వేసి తక్కువ పడ్డదే తీసుకోవాలి, అది ఒకటైతే దెబ్బ పక్కనున్న మనవాళ్ళకే తగులుతుంది. చేతకాని ఆయుధాన్ని కింద పెట్టేసినవాడి మీద మాత్రం ఎవరూ చెయ్యెత్తకూడదు. ఆ ఒకటి పడుతుందేమోనని నేనెప్పుడూ చేతికర్ర దాటి పోలేదు. ఆటే అని తెలిసినా, నేను గొడ్డలి ఎత్తితే అది కిట్టూ మెడకే తగులుతుందనిపించేది.

ఆ రోజు రోడ్డు వైపు నుంచి నినాదాలు వినిపిస్తూనే ఉన్నాయి, అది అలవాటే. తర్వాత పటాకులు పేలినట్టు చప్పుళ్ళు, ఆపైన బాష్పవాయువు ఘాటు. కిటికీ మూసినా కళ్ళు మండాయి. గల్లీలో పరుగులు, షట్టర్లు దించుతున్న మోత, అంతలో గల్లీ నుంచి నేరుగా మేడకి ఎక్కే మా మెట్ల మీద అడుగులు. గుమ్మంలో ఒకతను వచ్చి నిలబడ్డాడు. ఇరవై దాటి ఉంటాయేమో. కాళ్ళకు చెప్పుల్లేవు, చేతిలో ఇనుప రాడ్, దాన్ని నడిమికి పట్టుకుని ఛాతీకి అదుముకున్నాడు. కిట్టూ గోళ్ళు నా చేతిలో దిగాయి.

సంధ్యక్క లేవలేదు. లేస్తే అతను ఇంకా బెదురుతాడనుకున్నానని తర్వాత చెప్పింది.

"అన్నా, అది నీకు పట్టుడు రాదు. కింద పెట్టు," అంది, ఆటలో మాతో మాట్లాడే గొంతుతోనే. "పెడితే ఈడ నిన్ను ఎవ్వరు ఏమనరు."

"నాది కాదు చెల్లె. తొవ్వల దొరికింది, ఉరుక్కుంట పట్టుకున్న," అంటూ అతను రాడ్‌ను చప్పుడు కాకుండా నేల మీద పెట్టి అక్కడే కూలబడ్డాడు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాడట. అక్క రాడ్‌ను పరుపు చుట్ట వెనక్కి తోసి, అతన్ని చాప మీదికి పిలిచి, చేతిలో పాచిక పెట్టింది. ఈసారి మెట్ల మీద బూట్ల చప్పుడు.

కానిస్టేబుల్ గుమ్మంలోనే ఆగాడు. ఆయన కళ్ళూ ఎర్రగా కారుతున్నాయి.

"పైకి ఎవరన్న వచ్చిన్రా?"

"లేదు సార్. ఈన మా చిన్నాయన కొడుకు. ఆడుకుంటున్నం," అంది అక్క.

"ఏం ఆట తమ్మీ ఇది?" ఆయన అడిగింది అతన్నే. అతను పాచికని గుప్పిట్లో బిగించి అక్క వైపు చూశాడు. అప్పుడు ఎవరో మాట్లాడటం వినిపించింది, అది నేనే.

"అన్నకు కర్ర ఒక్కటే వస్తది సార్. కత్తి ఇంక నేర్చుకోలే. రాకుంట ఎత్తితే మాకే తాకుతది."

కానిస్టేబుల్ చూపు నా మీంచి పాచిక మీదికి, అక్కణ్ణించి దుమ్ము కొట్టుకుని రక్తం కారుతున్న అతని అరికాళ్ళ మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"తలుపు పెట్టుకోండ్రి. పొద్దుగూకేదాంక బయటికి రాకుండ్రి," అని దిగిపోయాడు.

కింద గేటు చప్పుడయ్యాక అక్క లేచి తలుపు గడియ పెట్టింది. ఆ అబ్బాయి మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. నాయనమ్మ పైకొచ్చి, ఏమీ అడగకుండా సర్వపిండి పెట్టి, కాళ్ళకు పసుపు రాసింది. నిశ్శబ్దానికి భయమేసి మేం మళ్ళీ ఆట మొదలుపెట్టాం. ఏ ఆయుధం కావాలని కిట్టూ అతన్ని అడిగితే, "నాకేం వద్దు తమ్మీ, మీకు దీపం పట్టుకొని ముంగట నడుస్త," అన్నాడు. చీకటి పడే వేళకి అతను, కాళ్ళకు మా పెద్దనాన్న చెప్పులు తొడుక్కుని, వెళ్ళిపోయాడు. పేరు అడగాలని మాకెవరికీ తోచలేదు. అటుపైన చాలాకాలం మెట్ల మీద ఎవరి అడుగు వినిపించినా నా చేతిలో ముద్ద ఆగిపోయేది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అక్కడ లేచిన అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్, కెమెరాలు, వేలు పెడితేనే తెరుచుకునే గాజు తలుపు. మొన్న ఆ గల్లీలో నడుస్తూ రెండు వైపులా చూశాను. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఉరికొచ్చినవాడు ఎక్కడానికి తెరిచి ఉన్న మెట్లు ఒక్కటీ కనిపించలేదు.