మిషన్ అద్దానికి కట్టిన తెర

మా మరదలు పోయింది. బెంగళూరు ఆసుపత్రి నుంచి తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను పూజ ముగించి హారతి పళ్ళెం కింద పెడుతున్నాను. "అక్కా, ఇంటికి తోడుకొని వస్తాండాం," అన్నాడు. నయమైందేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. తర్వాత వాడి ఏడుపు వినిపించింది.

యాభై కూడా నిండలేదు ఆమెకు. గర్భసంచి జబ్బు. అది నెలల తరబడి మా ఇంట్లోనే, మా మధ్యనే ఉంది. ఆమె దాచిపెట్టింది. అలా దాచడానికి ఆమెకు పనికివచ్చింది మా బట్టలుతికే మిషన్, దాని అద్దానికి కట్టిన ఒక గుడ్డ. ఈ సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. ఆమెకు సిగ్గు ఎక్కువ. ఆమె కూతురే, మా మేనకోడలే, రాయమంది. "రాయత్తా. ఇంగెవురన్నా ఇట్ల దాచిపెట్టుకోనుంటే, చదివి ఇంట్లో చెప్పుకుంటారు," అంది. అందుకే రాస్తున్నాను.

మాది కదిరి పక్కన చిన్న ఊరు. తమ్ముడికి లారీ ఉంది. తాడిపత్రి నుంచి బెంగళూరుకు బండలు తోలుతాడు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. నా భర్త పోయాక నేను పుట్టింటికి వచ్చేశాను. ఆడబిడ్డ పెట్టె పట్టుకుని వచ్చి నిలబడితే ఏ ఇల్లాలికైనా ముఖం కాస్త మారుతుంది. ఆమె నా పెట్టె తానే లోపలికి మోసింది. "వదినా, తూర్పు గది నీకు. నీ దేవుని పటాలకు పొద్దున ఎండ పడుతాది," అంది. నేను ఎన్నాళ్ళుంటానని ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

అప్పట్లో పెరట్లో బండ మీద ఉతికేవాళ్ళం. ఆమె బాదేది, నేను జాడించేదాన్ని. ఆమె చేతిలోకి గుడ్డ వస్తే చాలు, దాని కథ చెప్పేది. తమ్ముడి చొక్కా తిప్పి చూసి, "ఈ తూరి నీ తమ్ముడు లారీ కిందనే పండుకోన్యాడు వదినా. వీపంతా బండపొడి," అనేది. కూతురు కాలేజీలో చదివేటప్పుడు ఒకసారి దాని చున్నీ కొస పట్టుకుని ఊరికే నిలబడిపోయింది. "ఇది ఏడ్చుండాది," అంది. సాయంత్రం అడిగితే నిజమే. స్నేహితురాలితో మాట పట్టింపు. "నోరు అబద్ధం చెప్తాది గానీ గుడ్డ చెప్పదు వదినా." ఈ మాట ఆమె చాలాసార్లు అన్నది. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

ఆమెకు భుజం నొప్పి మొదలయ్యాక తమ్ముడు మిషన్ తెచ్చాడు. ముందర గుండ్రటి అద్దం తలుపు ఉండేది. బిగించడానికి వచ్చినతను మా కొళాయి చూసి పెదవి విరిచాడు. "మిద్దె మీద ట్యాంకు లేకపోతే దీంట్లోకి నీళ్ళు ఎక్కవమ్మా." మా ఊళ్ళో కొళాయి వారానికి ఒకసారి వస్తే ఆ వారం బాగున్నట్టు. వచ్చినా దారమంత ధార. అతను వెళ్ళిపోయాక ఆమె కాసేపు మిషన్ చుట్టూ తిరిగింది. సబ్బు పొడి వేసే అర లాగి, అందులో చెంబెడు నీళ్ళు పోసింది. నీళ్ళు లోపలికి దిగాయి. ఇంకో చెంబు. ఇంకొకటి. చాలనిపించాక మిషన్ దానంతట అదే తిరగడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఆమె పీట వేసుకుని, పక్కన నీళ్ళ బిందెలు పెట్టుకుని, అది ఆగినప్పుడల్లా పోస్తూ కూర్చునేది.

తమ్ముడు చూసి తల కొట్టుకున్నాడు. "నీకు పని తగ్గుతాదని తెస్తే, నువ్వు పోయి దానికి కూలి చేస్తాండావే!"

"పసిబిడ్డ గదప్పా. నీళ్ళు మనమే పట్టల్ల," అంది ఆమె.

ఒకరోజు నా జపమాల కనపడలేదు. ఇల్లంతా వెతికాను. ఆమె పిలిచింది. వెళ్ళి చూస్తే, అద్దం వెనక నా చీర కొంగు ముడిలోంచి జారి, తులసిమాల గుడ్డలతో పాటు పైకి పోయి కిందికి వస్తోంది. మధ్యలో తలుపు రాదు. ఇద్దరం అట్లే నిలబడి చూశాం. "నువ్వు తిప్పేదాని కంటే ఇది బిరీన తిప్పుతాంది వదినా. నీ పుణ్యమంతా ఈ పొద్దే వచ్చేస్తాది," అంది. నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. మాల తెగలేదు. ఆ తర్వాత నా చీర కొంగు ముడి విప్పి చూడకుండా ఆమె ఎప్పుడూ మిషన్లో వేయలేదు.

మిషన్ వచ్చాక ఉతికే పని ఆమె ఒక్కతిదే అయింది. నాకు జపానికి ఇంకో గంట దొరికింది.

మేనకోడలు కానుపుకు పుట్టింటికి వచ్చింది. ఆ రోజుల్లోనే మిషన్ అద్దానికి తెర వచ్చింది. ఆమె పాత చీర, నీలం మీద పసుపు పూలు. చింపి, అంచు మడిచి కుట్టి, పైన నాడా ఎక్కించి కట్టింది. పక్కింటి ఆవిడ మజ్జిగకు వచ్చి చూసింది. "ఏమప్పా, మిషన్ గూడా పెండ్లికూతురేనా? ముసుగేసినారు!"

"లోపల మా ఇంటాయన డ్రాయర్లు గిరగిర తిరుగుతాంటాయక్కా. వచ్చినోళ్ళకంతా చూపీల్నా?" అంది మరదలు.

అందరం పడీ పడీ నవ్వాం. కడుపుతో ఉన్న పిల్ల గోడ పట్టుకుని మరీ నవ్వింది.

ఆ నెలల్లో ఇంకొకటి జరిగింది. సందె దీపం పెట్టడం ఆమె మానేసింది. "మోకాళ్ళు పట్టుకోనుండాయి వదినా. వంగలేను. నువ్వే పెట్టు," అంది. మా అమ్మ ఉన్నప్పుడు నెలసరి రోజుల్లో ఇంటి ఆడవాళ్ళు దేవుని గది గడప తొక్కేవాళ్ళు కాదు. అమ్మ పోయాక నేను ఆ నియమం వదిలేయమన్నాను. అన్నీ ఇచ్చిన స్వామికి ఇది మాత్రం మైలా అన్నాను. "నీ మనసు ఒప్పుతాది వదినా, నా మనసు ఒప్పదు," అని ఆమె ఆ మూడు రోజులూ దూరంగానే ఉండేది. ఈసారి మాత్రం మూడు రోజులు కాదు. నెలలు గడిచినా ఆమె ఆ గదిలోకి రాలేదు. నేను మోకాళ్ళనే నమ్మాను. ఆమె మోకాళ్ళు బాగుపడాలని కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను.

మనవడు పుట్టాడు. ఇంటి నిండా పసివాడి గుడ్డలు. మిషన్ రోజూ తిరిగేది. నీళ్ళు పోస్తానని పోతే నన్ను రానిచ్చేది కాదు. "నీ జపం చూసుకోపో వదినా. ఈడ నాకూ దీనికీ లెక్క కుదిరిండాది." బిడ్డకు నలుగు పెట్టి నీళ్ళు పోసేది ఆమె, బాలింతకు పథ్యం వండేది ఆమె. మనిషి తెల్లబడుతోంది. అడిగితే, "అమ్మమ్మనైతిని గదా, తెల్లబడకుంటే ఎట్ల?" అని జుట్టు చూపించేది.

బిడ్డను తొట్టెలో వేసిన రోజు, పాట పాడుతూ పాడుతూ ఆమె తొట్టె తాడు పట్టుకునే కింద కూర్చుండిపోయింది. చీర నెత్తుటితో తడిసింది. అప్పుడు చూశాం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎన్ని నెలల నుంచి అని అడిగింది. ఆమె గోడవైపు తిరిగింది. ముందే వచ్చి ఉంటే వేరే మాట చెప్పేదాన్నని డాక్టరమ్మ మెల్లగా అంది. కూతురు మంచం పట్టీ మీద తల పెట్టుకుని, "ఎందుకమ్మా చెప్పల్యా? ఎందుకు?" అని ఏడ్చింది.

"మొదట ఆగిపోయే వయసు గదా, ఇట్లే అయితాదేమో అనుకుంటి. తర్వాత తెలిసింది, ఇది అది కాదని. చెప్పింటే నన్ను తీసకపోయి ఆసుపత్రిలో పడేస్తాంటిరి. నీ కానుపు ఎవురు చేస్తారు? మీ అత్తవి బిడ్డల్ని ఎత్తిన చేతులు కాదు. నీది కానీ, తర్వాత చెప్దామనుకుంటి."

అది నిజం. నాకు పిల్లలు లేరు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నదున్నట్టు చెప్పడం ఆమె అలవాటు.

కాసేపటికి నన్ను దగ్గరికి రమ్మంది. "వదినా, అందరికీ అబద్ధం చెప్తిని. దీపం మాత్రం ముట్టలేదు. ఆ మాట నీ స్వామికి చెప్పు."

చెప్పాను. రోజూ చెబుతున్నాను. ఆయనకు ముందే తెలుసు. తెలియనిది మాకే. బండ మీద ఉతుకుతున్న రోజులైతే జాడించే నా చేతికే ఆ గుడ్డలు వచ్చేవి. గుడ్డ అబద్ధం చెప్పదని ఆమెకంటే ఎవరికి తెలుసు? అందుకే దాని ముందు తెర కట్టింది. ఆమెకు సుఖంగా ఉంటుందని తెచ్చిన వస్తువు అది. దాన్ని తిట్టలేను. దానికి దండం కూడా పెట్టలేను.

బెంగళూరులో చాలా రోజులు ఉంచారు. సూదులు వేశారు, రేడియేషన్ అని కరెంటు పెట్టారు. ఆమె ఫోన్‌లో బిడ్డ కేకలు విని, "వానికి చెవుల్లో నీళ్ళు పోకుండా పట్టుకోండి," అని మాత్రం చెప్పేది. తన నొప్పి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ అలవాటు చివరిదాకా పోలేదు.

దినాల నాడు ఇల్లంతా కడిగి, ఇంట్లో గుడ్డలన్నీ ఉతకాలి. మా ఆచారం అది. దుప్పట్లు, తలుపుల కర్టెన్లు, దేవుని గది గుడ్డలు, అన్నీ పోగేశాం. అంతా మిషన్లో వేశాక మేనకోడలు తెర వంక చూసింది. "అత్తా, ఇదీ ఉతకల్ల గదా?" నేను తలూపాను. అది నాడా ముడి విప్పడానికి చాలాసేపు తంటాలు పడింది. వాళ్ళమ్మ ముడి వేస్తే అంత గట్టిగా వేసేది. విప్పి, లోపల వేసి, తలుపు మూసింది.

నేను పీట వేసుకుని కూర్చున్నాను. అర లాగి చెంబుతో నీళ్ళు పోశాను. ఆమె ఆసుపత్రికి పోయాక మేము మళ్ళీ బండ మీదే ఉతుక్కున్నాం. ఎన్ని చెంబులు పోస్తే తిరుగుతుందో నాకు తెలియదు. అడగడానికి మనిషి లేదు. పోస్తూ ఉన్నాను. కాసేపటికి లోపల చిన్నగా కదలిక.

మేనకోడలు ఒళ్ళో బిడ్డతో నా పక్కన చతికిలబడింది. వాడికి ఇప్పుడిప్పుడే కూర్చోవడం వచ్చింది. వాడు పుట్టాక ఆ అద్దం బోసిగా ఉండటం అదే మొదలు. నీలం గుడ్డ నీళ్ళలో తిరిగింది. పసుపు పూలు అద్దం దాకా వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి. వచ్చినప్పుడల్లా వాడు ముందుకు వంగి, అరచేతితో అద్దాన్ని తడుతున్నాడు.