లాగేకొద్దీ గట్టిపడే పోగు

పోయిన సోమవారం పొద్దున్నే ఆదోని నుంచి ఫోను వచ్చింది. హైస్కూల్లో నాకు సైన్సు చెప్పిన టీచరమ్మ ఇక లేరని, నిద్రలోనే గుండె ఆగిపోయిందని ఆమె కోడలు చెప్పింది. ఎనభై దాటిన మనిషి, మంచాన పడకుండా పోయారు, సంతోషించాలి అన్నారు ఇంట్లోవాళ్ళు. నాకు ఏడుపే వచ్చింది. "ఒంట్లో ఇన్ని కండరాలుండాయి కదా, సెలవడగనిది గుండె ఒక్కటేనప్పా" అని మాకు చెప్పింది ఆమే మరి.

డెబ్భైల చివరి మాట ఇది. ఎమ్మిగనూరులో మా ఆడపిల్లల బడికి ఆమె రోజూ ఆదోని నుంచి బస్సులో వచ్చేవారు. అక్కడ పత్తి వ్యాపారం చేసే ముస్లింల కుటుంబం వాళ్ళది. ఆ ఇంట్లోంచి ఉద్యోగానికని గడప దాటిన మొదటి ఆడమనిషి ఆమే. ఈ సంగతి ఆమె ఎన్నడూ చెప్పుకోలేదు, మేమే ఊరంతా చాటేవాళ్ళం. గొంతు పెంచడం ఆమెకు తెలియదు. సుద్దముక్క గోరంత అయ్యేదాకా పారేసేవారు కాదు. తప్పు జవాబు చెప్పిన పిల్లను కొట్టకుండా, "మళ్ళా ఆలోచించుకోని రాప్పా" అని కూర్చోబెట్టేవారు. అది దెబ్బకంటే ఎక్కువ పనిచేసేది.

కండరాల పాఠానికి మాంసం ముక్క ఉడికించి పీచులు విడదీసి చూపించడం మామూలు. మా క్లాసులో సగం ఇళ్ళలో మాంసం పేరే ఎత్తరు. అందుకని ఆమె నన్ను నూలు చిలప, అదే పోగుల చుట్ట, ఒకటి తెమ్మన్నారు. మాది మగ్గం ఇల్లు, నూలుకు కరువా? ఆ నూలుపోగులను చిన్న చిన్న కట్టలు కట్టి, కట్టలన్నీ కలిపి ఒక పెద్ద కట్ట చేసి, పైన గుడ్డ చుట్టి, రెండు కొసలా తాడు బిగించి ఎత్తి చూపించారు. "కండరమంటే ఇదే. పోగులు, పోగుల కట్టలు, పైన పొర. ఈ తాడు ఉండాదే, అది ఎముకను పట్టుకునే స్నాయుబంధనం. కండరానికి లాగేదే తెలుసు, తోసేది రాదు. అందుకే జంటగా ఉంటాయి. ముందరిది లాగితే చెయ్యి మడుచుకుంటాది, వెనకది లాగితే సాగుతాది."

మధ్యాహ్నం మాతోబాటే జొన్నరొట్టె తింటూ మిగతా పాఠం చెప్పేవారు. చేతుల్లో కాళ్ళల్లో ఉండేవి చారల కండరాలు, మన మాట వింటాయి. కడుపులో, పేగుల్లో ఉండేవి నునుపువి. "గొంతు దిగేదాకే ఆ రొట్టె నీది. దిగినాక అవి నిన్ను అడిగి పని చేయవు." గుండెది మూడో రకం. చారలుంటాయి, కానీ మన మాట వినదు. మాలో ఒకతె వెంటనే కళ్ళు మూసుకుని గుండెను ఆపి చూస్తానంది. ఆమె నవ్వి, "ఆపు చూద్దాం, అంతవరకు నీ రొట్టె నేను తింటా" అన్నారు.

ఆ ఏడు ఎండాకాలంలోనే మా నాయన మిద్దె మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మగ్గం మీద అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడె తాడు లాగేది ఆ చెయ్యే. కట్టు విప్పేసరికి జొన్నదంటులా సన్నబడి ఉంది. చుట్టుపక్కల అందరూ నేతగాళ్ళే. నలిగి సన్నబడ్డ పోగును లాగితే తెగుతుంది, కాబట్టి కదిలించకూడదు అని అందరిదీ ఒకే మాట. నాయనను మంచినీళ్ళ చెంబు కూడా ఎత్తనీయలేదు. అంత భద్రంగా చూసుకుంటే చెయ్యి ఇంకా ఎండిపోయింది. చివరికి మగ్గం అమ్మేద్దామని, నన్ను బడి మాన్పించి నూలు చుట్టే పనికి పంపుదామని ఇంట్లో తేల్చేశారు. నేను బడిలో ఏడుస్తుంటే టీచరమ్మ కారణం అడిగారు. ఆ సాయంత్రం ఆదోని బస్సు వదిలేసి మా ఇంటికి వచ్చారు.

"ఎముక అతికిందా అన్నా?"

"అతికిందంట. కండ సచ్చిపాయ తల్లీ. ఉండే నాలుగు పోగులన్నా మిగలనీ అని కదిలించకుండా పెట్టుకున్యా."

"నీ లెక్క నూలుకు సరేనన్నా. నూలు లాగేకొద్దీ అరుగుతాది. కండ లాగేకొద్దీ గట్టిపడతాది. ఊరికే పెడితేనే సన్నమైతాది. నీ చెయ్యి సావలేదు, పని లేక పడుకోనుంది."

నాయనకు కోపం వచ్చింది. "రేపు తెగితే అతికేదెవురమ్మా?"

"నా మాట మీద ఎత్తొద్దు. ఆదోనికి రా, డాక్టరు దగ్గరికి నేనే పిల్సకపోతా. ఆయన ఊ అంటేనే మొదలుపెడదాం. మగ్గం కొనేటోళ్ళను దీపావళి దాకా ఆగమను."

డాక్టరు ఊ అన్నాడు. మొదట ఖాళీ చెంబు ఎత్తాడు, తర్వాత కొంచెం నీళ్ళతో. అమ్మ చూడలేక వంటింట్లోకి పోయేది. అతికిన చేతిని మళ్ళా పాడు చేస్తాండారని పక్కింటివాళ్ళు గొణిగారు. టీచరమ్మ బస్టాండుకు పోతూ మా గడప దగ్గర ఆగి, "ఎంతవరకు వచ్చె అన్నా?" అని అడిగేవారు. చాలా రోజులు నాయన అడుగున కాసిని నీళ్ళున్న చెంబునే చూపేవాడు. ఒకరోజు మాత్రం నిండు చెంబు భుజం దాకా ఎత్తి చూపాడు. దీపావళికి ముందే మగ్గం గుంతలో కాళ్ళు దించి నేతకు కూర్చున్నాడు. నా బడి ఆగలేదు. తర్వాత నేనూ సైన్సు టీచర్నయ్యాను. కండరాల పాఠం వచ్చిన ప్రతి ఏడూ, ఫలానా ఆమె శిష్యురాలినని గొప్పగా చెప్పుకునే మొదలుపెట్టేదాన్ని. ఇప్పటికీ నాకది గొప్పే.

ఇంకొక్క సంగతి చెప్పాలి. చలికాలంలో ఆమె నాయనను బడికి రమ్మని కబురు పెట్టారు. బడిలో నేనేం తప్పు చేశానోనని నాయన భయపడుతూ వచ్చాడు. ఎన్నడూ బడి మెట్లు ఎక్కని మనిషిని వేదిక మీద నిలబెట్టి, "అన్నా, చొక్కా పైకి మడిచి, చెయ్యి ఒకసారి మడువు" అన్నారు. మడిచాడు. దండ కండ ఉబ్బింది. "ఇప్పుడు సాపు." వెనక కండరం బిగిసింది. పిల్లలంతా లేచి నిలబడి చూశారు. "ఇది ఎట్ల వచ్చిందో ఈయన్నే అడగండి" అని ఆమె పోయి వెనక బెంచీలో మా మధ్య కూర్చున్నారు. నాయన తడబడుతూ మొదలుపెట్టి, గంట కొట్టినా ఆపలేదు.

బడి విడిచాక ఇద్దరం నడిచి ఇంటికి బయల్దేరాం. సంత రోజు, బజారంతా జనం. చొక్కా చెయ్యి భుజం దాకా మడిచింది మడిచినట్టే ఉంది. దించుకో నాయనా అన్నాను. "ఉండనీలే" అని, ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ఆ చెయ్యే ఎత్తి పలకరిస్తూ నడిచాడు.