వదిన ఇంటి అంబలి

నేను ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చింది పంతొమ్మిది వందల యాభైల మొదట్లో. పుట్టిల్లు ఆదోని. అక్కడ పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, టీ. నా ఉగ్గాని తింటే ఎవరైనా మెచ్చుకోవాల్సిందేనని నమ్మకం.

మా ఆయన నేతకు మగ్గం గుంటలో దిగితే మధ్యాహ్నందాకా లేచేవారు కాదు. ఉగ్గాని తిన్న రోజంతా కడుపుబ్బరం, పుల్లటి తేన్పులు. తెల్లారగానే మూడిళ్ళ అవతలున్న వాళ్ళక్క దగ్గరికి పోవడం మొదలుపెట్టారు. మా వదినకు మొగుడు పోయినాడు, పిల్లల్లేరు. పులిసిన జొన్న అంబలిలో మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిగడ్డతో తమ్ముడికి ఇచ్చేది.

"ఈడ పొయ్యి లేదా? ఆడికే యాల పోవాల?" అని ఒకరోజు అడిగేశాను.

"అక్క అంబలి తాగితే కడుపు సల్లగుంటాదే."

ఆయనకు చల్లగా ఉంటే నాకు భగ్గుమంది. వదిన అరుగు మీద ఆయన నవ్వడం మా గుమ్మంలోకి వినిపించేది. నాతో ఎన్నడూ అట్లా నవ్వలేదు.

పంతానికి నేనూ జొన్నపిండి కలిపి, కొత్త సత్తు గిన్నెలో రెండు రోజులు పెట్టాను. మూత తీస్తే కుళ్ళు వాసన. ఆయన ముక్కు చిట్లించి, చెప్పులేసుకుని అక్క ఇంటికే పోయారు. ఆ పూట ఏడ్చాను. సాయంత్రం సిగ్గు చంపుకుని వదిన వాకిట్లో నిలబడ్డాను.

"అంబలి ఎట్ల పులియబెట్టాల వదినా?"

వదిన తన మట్టికుండ అడుగున మిగిలిన పుల్లనీళ్ళు చెంబులోకి వంచింది.

"మట్టికుండలోనే పోసుకో. దీంట్లో పిండి కలుపు. పొద్దున కాచేముందు కొంచెం పుల్లనీళ్ళు ఎత్తిపెట్టుకో, మళ్ళా పనికొస్తాయి. ఇంక వాడు ఈడికి రాడులే," అంది, ముఖం తిప్పుకుని.

మర్నాడు పులుపు సరిగ్గా కుదిరింది. ఆయన రెండు చెంబులు తాగారు.

"అక్క సేసినట్లే ఉందే!" అన్నారు.

గెలిచాననుకున్న నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా ఆయన ఇల్లు కదల్లేదు, అదే చాలనుకున్నాను.

వారం తిరక్కముందే వదిన వచ్చింది. చెంబు నిండా పోసిచ్చాను. ఒక గుక్క తాగి, "ఉప్పు ఎక్కువైంది మే," అంది. ఉప్పు సరిగ్గానే ఉంది. ఇన్నాళ్ళూ నాలో రగిలింది ఇప్పుడు ఆమె గొంతులో వినిపించింది.

నాకు కోపం రాలేదు. "రేపు నువ్వే వచ్చి ఉప్పెయ్యి వదినా," అన్నాను. వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. పొద్దున పూట అక్కాతమ్ముళ్ళ నవ్వులు మా ఇంట్లోనే వినబడేవి. నాకు మాత్రం కాస్త మంటగానే ఉండేది.